సముద్రంలో తవ్విన గొయ్యి

ఐర్లండ్ ఆగ్నేయ తీరంలో డన్‌మోర్ ఈస్ట్ ఒక చిన్న చేపలరేవు. మొదటి ప్రపంచ యుద్ధం సాగుతున్న 1917లో ఈ ఊరి ముంగిట మైన్లు పరచడానికి వచ్చిన జర్మన్ సబ్‌మెరైన్ యూసీ-44 జర్మన్ మైన్‌కే బలైంది. తేలుతున్నంత కాలం అది బ్రిటన్‌ను ఏడిపించింది. మునిగాక అందులో దొరికిన కాగితాలు జర్మనీకి అంతకన్నా పెద్ద దెబ్బ కొట్టాయి.

ఎర్రరాతి కొండచరియలు, వాటి పగుళ్లలో గూళ్లు కట్టుకుని రోజంతా అరిచే కిట్టివేక్ పక్షులు, గడ్డి కప్పిన తెల్లటి ఇళ్లు, వాటి కింద రాతిగోడల మధ్య ఆగిన చేపల పడవలు. డన్‌మోర్ ఈస్ట్‌కి వచ్చినవాళ్లకు ముందు కనిపించేవి ఇవే. వాటర్‌ఫర్డ్ నగరం నుంచి సుమారు 16 కిలోమీటర్లు దక్షిణంగా వస్తే రోడ్డు ఈ ఊళ్లో సముద్రం దగ్గర ఆగిపోతుంది. వేసవిలో వాటర్‌ఫర్డ్ జనం పిల్లాపాపలతో స్నానాలకు దిగేది ఇక్కడి చిన్న చిన్న ఇసుక ఒడ్డుల్లోనే.

రేవు గోడ మీద ఒక దీపస్తంభం ఉంటుంది. గ్రీకు గుళ్ల స్తంభాల్లా నిలువు చారలు చెక్కిన రాయి అది. చేపలరేవుకు ఇంత సోకెందుకు అనిపిస్తే దాని వెనక కథ ఉంది. ఈ రేవు కట్టింది చేపల కోసం కాదు, ఉత్తరాల కోసం. వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ నుంచి వచ్చే టపా ఓడలు ఆగడానికి స్కాట్లండ్ ఇంజినీరు అలెగ్జాండర్ నిమ్మో 1814లో పని మొదలుపెట్టాడు. 1825 నాటికి దీపం వెలిగింది. కానీ ఆవిరి ఓడలు వచ్చాక వాటికి గాలితో పని లేకపోయింది. అవి నేరుగా నది ఎక్కి వాటర్‌ఫర్డ్ దాకా వెళ్లిపోయాయి. టపా పోయింది, రేవు మిగిలింది. దాన్ని చేపలవాళ్లు వాడుకున్నారు.

మూడు నదుల వాకిలి

రేవు గోడ మీద నిలబడి తూర్పుకు చూస్తే నీటి అవతల నలుపు తెలుపు పట్టీలున్న లావుపాటి దీపస్తంభం కనిపిస్తుంది. అది హుక్ హెడ్. ఎనిమిది వందల ఏళ్లకిందట విలియం మార్షల్ అనే ప్రభువు కట్టించింది. ఇప్పటికీ పనిచేస్తున్న దీపస్తంభాల్లో ప్రపంచంలోనే అతి పాతవాటిలో ఒకటి. హుక్ హెడ్‌కీ డన్‌మోర్‌కీ మధ్యనున్న ఈ నీళ్లే వాటర్‌ఫర్డ్ హార్బర్ వాకిలి. షూర్, నోర్, బారో అనే మూడు నదులు కలిసి ఇక్కడే సముద్రంలోకి దిగుతాయి. వైకింగులు 914లో వచ్చి స్థిరపడింది ఈ దారినే. ఐర్లండ్‌లో అన్నిటికన్నా పాత నగరమని వాటర్‌ఫర్డ్ చెప్పుకునేది అందుకే.

1917 నాటికి ఐర్లండ్ ఇంకా బ్రిటిష్ పాలనలోనే ఉంది. వాటర్‌ఫర్డ్ నుంచి పశువులు, పందిమాంసం, వెన్న ఓడలకెక్కి ఇంగ్లండ్ ఊళ్లకు పోయేవి. ఆ ఏడాది ఫిబ్రవరి 1 నుంచి జర్మనీ ఏ దేశపు ఓడనైనా హెచ్చరిక లేకుండా ముంచుతానని ప్రకటించింది. ఒక్క ఏప్రిల్‌లోనే ఎనిమిది లక్షల టన్నులకు పైగా ఓడలు నీటిపాలయ్యాయి. తిండిగింజలకు సముద్రం మీదే ఆధారపడిన బ్రిటన్‌కు గొంతు మీద కత్తి పెట్టినట్టయింది.

టార్పెడో ఖరీదైనది. ఒక్కో దాన్నీ గురిచూసి కొట్టాలి. మైన్ అలా కాదు. రేవు వాకిట్లో వదిలేసి వెళ్లిపోతే చాలు, వారాలూ నెలలూ కాచుకుని ఉంటుంది. ఒక్క ఓడ మునగకపోయినా, మైన్లు ఉన్నాయన్న అనుమానంతోనే రేవు మూసుకోవాలి. వాటిని ఏరడానికి ట్రాలర్లు కావాలి, మనుషులు కావాలి, రోజులు కావాలి. అందుకే జర్మన్లు మైన్ల కోసమే ఒక సబ్‌మెరైన్ జాతిని తయారుచేశారు. వాటి పేర్లన్నీ ‘యూసీ’తో మొదలవుతాయి.

మైన్ ఎంత పని చేయగలదో అప్పటికే లోకం చూసింది. 1916 జూన్‌లో స్కాట్లండ్ పైనున్న ఆర్క్‌నీ దీవుల దగ్గర హెచ్ఎంఎస్ హాంప్‌షైర్ మునిగింది. బ్రిటిష్ యుద్ధమంత్రి లార్డ్ కిచెనర్ దాంతోపాటే పోయాడు. అంతకుముందు ఏడేళ్లపాటు భారత సైన్యానికి అధిపతిగా ఉన్న మనిషి ఆయన. ఆ మైన్ పెట్టింది యూ-75. అదే ఏడాది నవంబరులో టైటానిక్ చెల్లెలు ఓడ బ్రిటానిక్ గ్రీసు దగ్గర మునిగింది. ఆ మైన్ యూ-73ది. రెండు సందర్భాల్లోనూ ఓడ మునిగే వేళకు మైన్ పెట్టిన సబ్‌మెరైన్ ఆ దరిదాపుల్లో లేదు.

యాభై మీటర్ల బోటు, పద్దెనిమిది మైన్లు

యూసీ-44 హాంబర్గ్‌లోని వల్కన్ నౌకానిర్మాణశాలలో తయారైంది. 1916 నవంబరులో విధుల్లోకి వచ్చింది. దాని జాతిలో జర్మనీ మొత్తం 64 బోట్లు కట్టింది. పొడవు యాభై మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు అయిదు మీటర్ల పైచిలుకు. నీటిపైన డీజిల్ ఇంజిన్లతో గంటకు 11 నాట్లు దాటి వెళ్లేది. నీటి అడుగున బ్యాటరీల మీద నడిచేటప్పుడు ఏడు నాట్లు కూడా పోలేదు. మూడు టార్పెడో గొట్టాలు, పైన ఒక 88 మిల్లీమీటర్ల ఫిరంగి. ఇవన్నీ అదనపు హంగులే. అసలు సరుకు బోటు ముందుభాగంలో ఉంది. మీటరు వెడల్పున్న ఆరు గొట్టాలు పైనుంచి కిందికి కాస్త ఏటవాలుగా దిగుతాయి. ఒక్కో గొట్టంలో మూడేసి చొప్పున పద్దెనిమిది మైన్లు.

మైన్ పనితనం తెలిస్తేనే తరవాతి కథ అర్థమవుతుంది. గొట్టంలోంచి జారిన మైన్ తన బరువైన లంగరు దిమ్మతో సహా అడుగుకు చేరుతుంది. దిమ్మనూ మైన్‌నూ కలిపి పట్టుకున్న చోట నీళ్లలో కరిగే బిళ్ల ఒకటి ఉంటుంది. అది కరిగేదాకా మైన్ కదలదు. సబ్‌మెరైన్ దూరంగా వెళ్లిపోవడానికి దొరికే గడువు అంతే. బిళ్ల కరగగానే మైన్ విడివడి, తీగ సాగుతుండగా పైకి లేచి, నీటిమట్టానికి కొద్ది మీటర్ల కింద ఆగుతుంది. దాని ఒంటి మీద సీసపు కొమ్ములుంటాయి. ఓడ తగిలి కొమ్ము వంగితే లోపలి గాజుగొట్టం పగిలి, ఆమ్లం బ్యాటరీలోకి దిగి, కరెంటు పుట్టి మందు పేలుతుంది. తగిలింది ఎవరి ఓడ అనేది మైన్‌కు అక్కర్లేదు.

ఆ బిళ్ల ముందే కరిగితే? మైన్ ముందే లేస్తే? ఆ ప్రశ్న జర్మన్ నావికులకు ఊహ కాదు. 1917 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ తూర్పుతీరంలో యూసీ-32 తన మైన్లకే పేలిపోయింది. 1916 మార్చిలో ఇటలీలోని టారాంటో రేవు వాకిట్లో యూసీ-12కూ అదే గతి పట్టింది. దాన్ని పైకి తీసిన ఇటాలియన్లు నివ్వెరపోయారు. అప్పటికి ఇటలీకీ జర్మనీకీ మధ్య యుద్ధమే ప్రకటించలేదు. మైన్లు పరిచే బోటులో ఉద్యోగమంటే శత్రువుకన్నా ముందు సొంత సరుకుకు భయపడటం.

యూసీ-44 కమాండరు కుర్ట్ టెబెన్‌యోహాన్స్. ఉత్తర సముద్రంలోని స్థావరం నుంచి బయల్దేరి, తొమ్మిది నెలల్లో రెండు డజన్లకు పైగా ఓడలను ముంచిన బోటు అది.

ఆగస్టు 4, రాత్రి

1917 ఆగస్టు 4. బ్రిటన్ యుద్ధంలోకి దిగి సరిగ్గా మూడేళ్లు నిండిన రోజు. ఆ రాత్రి పది దాటాక యూసీ-44 వాటర్‌ఫర్డ్ హార్బర్ వాకిట్లో నీటి అడుగున మెల్లగా కదులుతూ మైన్లు వదులుతోంది. ఉన్నట్టుండి బోటు వెనకభాగంలో పేలుడు. దీపాలు ఆరిపోయాయి. నీళ్లు వెనకనుంచి ముందుకు తోసుకొచ్చాయి. బోటు అలాగే అడుగుకు కూలబడింది. పైన ఉన్నది సుమారు 27 మీటర్ల నీళ్లు.

టెబెన్‌యోహాన్స్, మరో ఇద్దరు పైనున్న గోపురంలో చిక్కుకున్నారు. అంత లోతులో మూత తెరవాలని ఎంత తోసినా లాభం లేదు. దాన్ని నొక్కిపెట్టిన నీటి బరువు టన్నుల్లో ఉంటుంది. ఒకటే దారి. లోపలికి నీళ్లు రానివ్వాలి. నీళ్లు పెరిగేకొద్దీ మిగిలిన గాలి నలిగి నలిగి, దాని ఒత్తిడి బయటి నీటి ఒత్తిడితో సమానమవుతుంది. అప్పుడు మూత తనంతట తానే తేలికవుతుంది. చీకట్లో, నీళ్లు గొంతుదాకా వస్తుండగా, ఆ క్షణం కోసం కాచుకోవాలి. వాళ్లు కాచుకున్నారు. మూత తెరుచుకుంది. గాలితోపాటు ముగ్గురూ పైకి తన్నుకొచ్చారు.

ఆ రోజుల్లో అంత లోతునుంచి ఏ పరికరమూ లేకుండా పైకి రావడమే ఒక వింత. ఊపిరి బిగబట్టి వస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు పగిలిపోతాయి. పైకి వచ్చారు గానీ ఒడ్డు దూరం, రాత్రి, అట్లాంటిక్ చలి. చీకట్లో ఒకరికొకరు దూరమయ్యారు. మిగతా ఇద్దరూ మళ్లీ కనిపించలేదు.

పేలుడు శబ్దం డన్‌మోర్ ఈస్ట్‌లో వినిపించింది. ఊరివాళ్లకు అలాంటి శబ్దం కొత్త కాదు, ఏ ఓడో మైన్‌కు తగిలిందనుకున్నారు. పడవ తోసుకుని వెతకబోయారు. గంటన్నర తరవాత నీళ్లలో కేకలు పెడుతున్న ఒక మనిషి దొరికాడు. పైకి లాగారు. శత్రువుల సబ్‌మెరైన్ కమాండరు. బోటులోని మిగతా 29 మందీ చనిపోయారు.

ఈ ఊరివాళ్లు రక్షించింది, తమ రేవు వాకిట్లోనే మందు పెట్టడానికి వచ్చినవాణ్ని. ఆ సంగతి తెలిశాక కూడా అతన్ని ఒడ్డుకు చేర్చి, వెచ్చగా కప్పి, సైనికులకు అప్పగించారు. సముద్రం మీద బతికేవాళ్లకు నీళ్లలో ఉన్న మనిషి ముందు మనిషి. ఏ దేశంవాడన్నది ఒడ్డుకు వచ్చాక సంగతి.

వల పన్నింది ఎవరు?

ఈ పేలుడు వెనక ఒక ప్రసిద్ధ కథ ఉంది. ఐర్లండ్ దక్షిణ తీరమంతా అడ్మిరల్ లూయీస్ బెయిలీ చేతికింద ఉండేది. ఆయన కార్యాలయం క్వీన్స్‌టౌన్‌లో. ఇప్పుడు ఆ ఊరి పేరు కోవ్. బెయిలీ మనుషులు ఒక సంగతి గమనించారు. వాటర్‌ఫర్డ్ వాకిట్లో మైన్లు ఏరేసిన కొద్ది రోజులకే జర్మన్లు వచ్చి మళ్లీ పరుస్తున్నారు. అంటే బ్రిటిష్ సందేశాలను వాళ్లు వింటున్నారు.

అందుకని ఒక నాటకం ఆడారట. అంతకుముందు యూసీ-42 పరిచిన మైన్లను ఏరకుండా అలాగే వదిలేసి, రేవును గుట్టుగా మూసేసి, ‘మైన్లు ఏరడం పూర్తయింది’ అని వైర్‌లెస్‌లో చాటారు. అది నమ్మి యూసీ-44 మళ్లీ పరచడానికి వచ్చింది. పాత జర్మన్ మైన్‌కే తగిలింది. బ్రిటిష్‌వాళ్లకు మైన్లు ఏరడం కూడా సరిగా రాదని టెబెన్‌యోహాన్స్ మండిపడ్డాడని కూడా చెబుతారు. యూరప్ జలాల్లో అమెరికన్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ విలియం సిమ్స్ తన యుద్ధ జ్ఞాపకాల్లో ఈ కథ చెప్పాడు. పులిట్జర్ బహుమతి అందుకున్న పుస్తకం కావడంతో కథ ఖండాలు దాటింది.

చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోరు. పేలుడు జరిగింది బోటు వెనకభాగంలో. మైన్ల గొట్టాలు ఉన్నది ముందుభాగంలో. ముందునుంచి జారిన మైన్ మీదుగా బోటు మిగతా ఒళ్లంతా దాటిపోవాలి. కరగాల్సిన బిళ్ల తొందరపడితే మైన్ వచ్చి తగిలేది సరిగ్గా తోక దగ్గరే. అప్పుడే వదిలిన సొంత మైనే దాన్ని పేల్చిందని వీళ్ల వాదం. బెయిలీ ఎత్తు నిజమే అయినా, యూసీ-44 మరణానికి అది కారణం కాకపోవచ్చన్నమాట.

కథగా వింటే మొదటిదే బాగుంటుంది. తెలివైన ముసలి అడ్మిరల్, వలలో పడ్డ శత్రువు, ఆపై కొసమెరుపు. నాకు రెండోదే నమ్మదగ్గదిగా తోస్తుంది, ఎందుకంటే ఆ జాతి బోట్లకు అది అలవాటైన చావు. వాటర్‌ఫర్డ్‌లో ముందు మైన్లు పరిచిన ఆ యూసీ-42 సైతం నెల దాటిన కొద్ది రోజులకే, సెప్టెంబరు 10న, కార్క్ హార్బర్ బయట తన మైన్‌కే పేలిపోయింది. అందులోని 27 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అక్కడ ఏ అడ్మిరల్ నాటకమూ లేదు. ఆ శిథిలం 2010లో డైవర్ల కంటపడింది.

యూసీ-44 విషయంలో ఏది నిజమైనా ఒక్క సంగతి మారదు. దాన్ని చంపింది జర్మన్ మైనే. చెరపకురా చెడేవు అన్న మన సామెతకు సముద్రంలో ఇంతకు మించిన సాక్ష్యం దొరకదు.

ఆటుపోట్లతో ఎత్తారు

బోటు తక్కువ లోతులో, రేవుకు దగ్గర్లో పడింది. లోపల ఏముందో చూడాలని బ్రిటిష్ నౌకాదళం పట్టుబట్టింది. డైవర్లు దిగారు. వాళ్లకు ఎదురైంది శవాలూ బురదా మాత్రమే కాదు. గొట్టాల్లో ఇంకా వదలని మైన్లున్నాయి. చుట్టుపక్కల నీళ్లలో వదిలినవీ ఉన్నాయి.

ఎత్తిన పద్ధతి చూడముచ్చటైనది. లావుపాటి ఉక్కుతాళ్లు బోటు పొట్ట కిందుగా దూర్చి, పైన తేలే ఓడకు కడతారు. ఆటు వేళ, నీరు బాగా తగ్గినప్పుడు తాళ్లను బిగించేస్తారు. పోటు రాగానే సముద్రమే ఓడను పైకి లేపుతుంది, ఓడ సబ్‌మెరైన్‌ను లేపుతుంది. ఈ తీరంలో ఆటుకూ పోటుకూ తేడా మూడు నాలుగు మీటర్లు. లేచినంత మేర ఒడ్డువైపు లాగి మళ్లీ దించుతారు. మళ్లీ ఆటు, మళ్లీ బిగింపు, మళ్లీ పోటు. గాలివాన వస్తే పని ఆగిపోతుంది. అలా అంగలంగలుగా నడిపించి 1917 సెప్టెంబరు నెలాఖరుకు దాన్ని డన్‌మోర్ ఈస్ట్ రేవుకు చేర్చారు. నిమ్మో టపా కోసం కట్టిన గోడల మధ్యకు శత్రువు సబ్‌మెరైన్ వచ్చింది. దొరికిన జర్మన్ నావికుల మృతదేహాలను హార్బర్ అవతలి ఒడ్డున వెక్స్‌ఫర్డ్ జిల్లాలోని డంకానన్ ఊళ్లో పూడ్చిపెట్టారు.

తడిసిన కాగితాలు

బోటులో దొరికిన అసలు నిధి కాగితాలు. జర్మన్ సబ్‌మెరైన్లకు ఇచ్చిన ప్రయాణ ఉత్తర్వులు వాటిలో ఉన్నాయి. అవి చదివాక లండన్‌లోని నౌకాదళ పెద్దలకు నిద్రపట్టలేదు.

ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్య సముద్రం అన్నిటికన్నా ఇరుకైన చోటు డోవర్ జలసంధి. అక్కడ అడ్మిరల్ రెజినాల్డ్ బేకన్ మైళ్ల పొడవున ఉక్కువలలు కట్టించాడు, మైన్లు వేయించాడు. జర్మన్లు ఇటు రాలేరని, స్కాట్లండ్ చుట్టూ తిరిగి పోతున్నారని ఆయన గట్టి నమ్మకం. యూసీ-44 కాగితాలు దానికి సరిగ్గా ఉల్టాగా చెప్పాయి. డోవర్‌ను రాత్రివేళ నీటిపైనే, ఎవరి కంటా పడకుండా, ఎక్కడా ఆగకుండా దాటాలి. తప్పనిసరైతే 40 మీటర్ల లోతుకు మునగాలి. ఎప్పుడైనా స్కాట్లండ్ మీదుగా వెళ్లే బోట్లు మాత్రం అక్కడి ఓడలకు బాగా కనబడుతూ వెళ్లాలి, ఇంగ్లిషువాళ్లు మోసపోవాలి కదా. ఇదీ ఆదేశాల సారాంశం.

ఇంకో కాగితం లెక్క చెప్పింది. 1916 చివరినుంచి 1917 జూన్ మొదటివారం దాకా డోవర్ దారిన జర్మన్ సబ్‌మెరైన్లు 190 సార్లు దాటాయి. అందులో వల తగిలింది ఎనిమిదిసార్లు. గస్తీ ఓడలకు భయపడి మునగాల్సి వచ్చింది మరో ఎనిమిదిసార్లు. ఏడాదిపాటు తలుపు వేసి ఉందనుకుని కాపలా కాసినవాళ్లకు, అసలు తలుపే లేదని శత్రువు పద్దుపుస్తకం చెప్పింది.

బేకన్ తొందరగా ఒప్పుకోలేదు. గొడవ నౌకాదళం నడినెత్తికి ఎక్కింది. నవంబరులో అడ్మిరల్ రోజర్ కీస్ అధ్యక్షతన కమిటీ వేశారు. రాత్రంతా జలసంధిని దీపాలతో, మతాబులతో వెలిగించి, నీటిపైన వచ్చే బోట్లను తరిమి మునిగేలా చేసి, లోతులో పరిచిన మైన్లలోకి తోలాలని కమిటీ చెప్పింది. డిసెంబరు 19 రాత్రి అలా వెలిగించారు. ఆ రాత్రే యూబీ-56 మైన్లలో చిక్కి మునిగింది. డిసెంబరు 24న నౌకాదళాధిపతి జెల్లికోను పదవినుంచి తప్పించారు. అందుకు కారణాలు చాలా ఉన్నా డోవర్ తగువు వాటిలో ఒకటి. ఆ వెంటనే బేకన్ వంతు వచ్చింది. 1918 జనవరి 1న డోవర్ బాధ్యత కీస్ చేతికి వచ్చింది.

ఫలితం త్వరగానే తెలిసింది. ఫిబ్రవరికల్లా జర్మన్ ప్రధాన నౌకాదళానికి చెందిన సబ్‌మెరైన్లు డోవర్ దారి మానుకున్నాయి. స్కాట్లండ్ చుట్టూ తిరగడమంటే రానూపోనూ రోజులకు రోజులు అదనం. ఆ మేరకు ఓడలను వేటాడే రోజులు తగ్గాయి. బెల్జియం తీరంలోని బోట్లు మాత్రం ఇంకా డోవర్ గుండానే వెళ్లక తప్పలేదు. వాటిలో చాలా తిరిగి రాలేదు. ఇదంతా డన్‌మోర్ ఈస్ట్ దగ్గర మునిగిన ఒక్క బోటు వల్లే జరిగిందనడం అతిశయోక్తి. అనుమానించేవాళ్లు అప్పటికే ఉన్నారు. వాళ్ల చేతికి తిరుగులేని రుజువు ఇచ్చింది మాత్రం యూసీ-44.

వాటర్‌ఫర్డ్ కన్నీళ్లు

లండన్‌లో పదవులు మారుతున్న ఆ డిసెంబరులోనే వాటర్‌ఫర్డ్ గుండె పగిలింది. క్లైడ్ షిప్పింగ్ కంపెనీకి చెందిన ఫార్మ్‌బీ, కోనింగ్‌బెగ్ అనే రెండు ఓడలు లివర్‌పూల్‌నుంచి ఇంటిదారి పట్టాయి. కొద్ది రోజుల తేడాలో రెండిటినీ యూ-62 అనే జర్మన్ సబ్‌మెరైన్ ముంచింది. 83 మంది పోయారు. వాళ్లలో 67 మంది వాటర్‌ఫర్డ్, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. క్రిస్మస్‌కు ఇంటికి రావాల్సినవాళ్లు. నదీతీరంలో వాళ్ల పేర్లతో స్మారకం ఇప్పుడుంది గానీ అది రావడానికి దశాబ్దాలు పట్టింది. స్వతంత్ర ఐర్లండ్‌కు బ్రిటన్ యుద్ధంలో పోయినవాళ్లను ఎలా తలచుకోవాలో చాలాకాలం తేలలేదు. డన్‌మోర్ ఈస్ట్‌కు వచ్చేవాళ్లు సబ్‌మెరైన్ కథ ఒక్కటే విని వెళ్లిపోకూడదు. జర్మన్ సబ్‌మెరైన్లు ఈ ఊళ్లకు ఏం చేశాయో చెప్పేది ఆ స్మారకమే.

విశాఖకు తెలిసిన కథే

ఈ కథ తెలుగు పాఠకుడికి ఎక్కడో విన్నట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయల్దేరిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ డిసెంబరు 3, 4 మధ్యరాత్రి విశాఖపట్నం రేవు బయట మునిగింది. అందులో తొంభై మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. విమానవాహక నౌక విక్రాంత్‌ను వేటాడటం, విశాఖ వాకిట్లో మైన్లు పరచడం దాని పని. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది ఇంకా ఇక్కడే ఉందనిపించేలా తూర్పు నౌకాదళాధిపతి కృష్ణన్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ చేత దొంగ సందేశాలు పంపించారు. ఘాజీని రాజ్‌పుత్ వేసిన డెప్త్‌చార్జీలు ముంచాయని భారత్ చెబుతుంది. అది పరిచిన మైన్లే దాన్ని ముంచాయని పాకిస్తాన్ చెబుతుంది. 2017లో వచ్చిన ఘాజీ సినిమా పుణ్యమా అని ఈ పేరు తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు.

రేవు వాకిలి, మైన్లు, దొంగ వైర్‌లెస్ సందేశం, చివరికి ఎవరు చంపారన్న తగువు. యాభై నాలుగేళ్ల తేడాలో రెండు సముద్రాల్లో జరిగిన కథలు ఇంత దగ్గరగా ఉండటం యాదృచ్ఛికం కాదు. మైన్లు పరిచే సబ్‌మెరైన్ పనిలోనే ఈ చావు దాగి ఉంది. శత్రువు గుమ్మంలోకి, తక్కువ లోతుకు, ఇరుకు దారికి, ఒంటినిండా మందుగుండుతో వెళ్లాలి. పొరపాటు ఎవరిదైనా ప్రాణం తనదే. సాక్ష్యం చెప్పడానికి మిగిలేవాళ్లు ఉండరు గనక ఎవరి కథ వాళ్లు చెప్పుకోవచ్చు. యూసీ-44కు ఒక్క సాక్షి మిగిలాడు. అయినా తగువు తీరలేదు.

పద్దెనిమిది మైన్లు మోసుకొచ్చిన బోటు మోసుకొచ్చినవాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనవి ఆ కాగితాలే. శత్రువు గుమ్మంలోకి పంపే బోటులో, అన్ని బోట్లూ వెళ్లే రహస్య దారులు రాసి పెట్టడం జర్మన్ నౌకాదళం చేసిన అసలు తప్పు. ఆ తప్పుకు వెల కట్టింది యూసీ-44 కాదు, దాని తరవాత డోవర్‌లో మునిగిన బోట్లు.

వెళ్లాలనుకుంటే

చదువులకూ ఉద్యోగాలకూ డబ్లిన్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇది వారాంతపు ప్రయాణం. డబ్లిన్ నుంచి వాటర్‌ఫర్డ్‌కు రైలూ బస్సూ ఉన్నాయి. కారులో అయితే రెండు గంటల పైచిలుకు. అక్కడినుంచి డన్‌మోర్ ఈస్ట్ అరగంట. పాసేజ్ ఈస్ట్ దగ్గర కార్లు ఎక్కించుకునే పంటు మీద హార్బర్ దాటితే అవతల డంకానన్, ఆ తరవాత హుక్ దీపస్తంభం. స్తంభం పైదాకా ఎక్కనిస్తారు, యూసీ-44 మునిగిన నీళ్లు అక్కడినుంచి కనిపిస్తాయి. కిట్టివేక్‌లను చూడాలంటే ఎండాకాలం మొదట్లో వెళ్లండి. ఆగస్టు దాటితే గూళ్లు ఖాళీ అయిపోతాయి.